కుక్కను కుక్క కరిచిన గాయం: మూడో రోజు ఏం చూడాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకీ అర్థం కావాలి కదా. శనివారం సాయంత్రం తిరుపతి బైరాగిపట్టెడలో వాకింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు మీ నాలుగేళ్ళ ల్యాబ్‌ను (ల్యాబ్రడార్ కుక్కను) వీధికుక్క కుడి భుజం మీద కరిచింది. రెండు చిన్న చిల్లులు పడ్డాయి. డెట్టాల్‌తో కడిగి పసుపు అద్దారు. ఆదివారం, సోమవారం బాగానే తిరిగింది. ఈరోజు మంగళవారం, వాపు నిన్నటికంటే పెద్దదైంది, చంక కిందికి కూడా దిగింది, పసుపుపచ్చగా నీళ్ళు కారుతున్నాయి, అన్నం సగం వదిలేసింది. ముక్కు చల్లగానే ఉంది కాబట్టి జ్వరం లేదనుకుంటున్నారు. పక్కింటావిడ "నాకనివ్వండి, దాని ఎంగిలే దానికి మందు" అంది. ఇది ఇన్ఫెక్షనా, మామూలు వాపా, టీటీ వేయించాలా అని అడిగారు.

చూడమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఒక్కటే: "నిన్నటికంటే ఈరోజు వాపు పెద్దదైంది." చిల్లు చిన్నదని, చీము ఇంకా కనబడలేదని, సగమైనా తింటోందని మీరు కొంత ధైర్యంగా ఉన్నారు. నాకు మాత్రం ఆ మూడింటి వల్లా ధైర్యం రావడం లేదు. మూడో రోజుకు తగ్గాల్సిన వాపు పెరిగిందంటే, కాదని తేలేదాకా దాన్ని ఇన్ఫెక్షన్‌గానే చూడాలి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఈ రాత్రి ఏం చూడాలో, ఏం కనబడితే రేపటిదాకా కూడా ఆగకూడదో చెప్తాను.

నేను పశువైద్యుణ్ణి. ఇక్కడే తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. సర్వీసంతా చిత్తూరు జిల్లా పల్లెల్లో ఆవులతో, గొర్రెలతో గడిచింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయ్యేనాటికి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంటి దగ్గరే కుక్కల్ని చూస్తున్నాను. కాటు గాయాలు లేని వారం నాకు లేదు.

మొదట ఆ చిల్లు సంగతి. మీ కుక్క మెడ దగ్గర తోలు పట్టుకుని పైకి లాగి చూడండి, ఎంత సాగుతుందో. లోపలి కండకు అది అంటుకుని ఉండదు. కరిచిన కుక్క కోర దిగిన తర్వాత ఊరికే ఉండదు, తల విదిలిస్తుంది. తోలు కోరతోబాటు అటూ ఇటూ జారుతుంది కాబట్టి చిరగదు. లోపలి కొవ్వు, కండ మాత్రం చీలిపోతాయి. కోర బయటికి వచ్చాక తోలు మళ్ళీ తన చోటికి వచ్చి మూసుకుంటుంది. పైన చూస్తే శనగగింజంత చిల్లు. లోపల ఒక సంచి తయారవుతుంది. అందులో కరిచిన కుక్క ఎంగిలి, మన కుక్క బొచ్చు, రోడ్డు మీది మట్టి. గాలి తగలని ఆ సంచి కంటే సూక్ష్మక్రిములకు మంచి కాపురం ఉండదు. నిలువునా చీరుకుపోయి రక్తం కారే గాయాన్ని చూసి జనం హడలిపోతారు గానీ, నన్నడిగితే అదే నయం. అది తెరిచి ఉంటుంది, కడగొచ్చు, కంటికి కనబడుతుంది.

ఒకసారి పూతలపట్టు దగ్గర మామిడి తోట కాపలా కుక్కను ఒక పెద్దాయన టీవీఎస్ బండి ముందు గోతంలో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. దాని పేరు కరుప్పు. బెంగళూరా కాయలు కోసే రోజులు, తోటలో పక్క ఊరి కుక్కలు జొరబడితే వాటితో కొట్లాడింది. "ఏం లేదు సామీ, చిన్న గాటు, ఊరికే మూడు కాళ్ళ మీద నడుస్తా ఉంది" అన్నాడు. తొడ మీద నిజంగానే వేరుశనగ గింజంత చిల్లు, దాని మీద ఎండిన పక్కు. బొచ్చు కత్తిరించి, మత్తిచ్చి, పక్కు నానబెట్టి తీశాను. గ్లౌజు వేసుకుని చూపుడు వేలు పెడితే మొదలుదాకా పోయింది. వేలు అటూ ఇటూ తిప్పితే అరచేయంత మేర తోలు కండ నుంచి విడిపోయి ఉంది. లోపలి నుంచి బూడిదరంగు చీము, బొచ్చు ఉండ, ఒక ఎండుగడ్డి పరక బయటికొచ్చాయి. ఆ పెద్దాయన గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. కరుప్పు బతికింది, మరుసటి ఏడూ అదే తోటలో నా బండి వెంట మొరుగుతూ పరిగెత్తింది.

రెండో సంగతి నా తప్పే. మా ఇంట్లో పమేరియన్ ఉండేది, చిట్టి. ఎదురింటి కుక్క మెడ మీద పట్టుకుంది. పైన ఒక చిల్లు కనబడితే శుభ్రంగా కడిగి, మందు మొదలుపెట్టి, అయిపోయిందనుకున్నాను. నాలుగో రోజు గొంతు కింద నిమ్మకాయంత గడ్డ, దగ్గరికి పోతే చచ్చిన ఎలుక వాసన. పై దవడ పళ్ళు దిగిన చోటికి ఎదురుగా కింది దవడ పళ్ళు కూడా దిగుతాయి కదా! పిల్లలకు పాఠం చెప్పే విషయం నా కుక్క దగ్గర మరిచిపోయాను. పమేరియన్ బొచ్చులో ఆ రెండో చిల్లు దాక్కుంది. అందుకే మీకు చెప్తున్నాను, భుజం మీద పైన రెండు చిల్లులున్నాయంటే చంకలో, ఛాతీ పక్కన కూడా వెతకండి. మీరు "వాపు చంక కిందికి దిగింది" అన్నారు. అది ఊరికే దిగిన నీరు కావచ్చు, అక్కడే మీరు చూడని ఇంకో కాటు కూడా కావచ్చు.

నీరు దిగడం అంటే ఏంటో చెప్పాలి, చాలామంది దీన్ని చూసి కంగారు పడతారు. భుజం మీదో వీపు మీదో దెబ్బ తగిలితే, ఆ వాపులోని నీరు రెండో రోజుకో మూడో రోజుకో బరువుకు కిందికి జారుతుంది. ఛాతీ కింద, మోచేతి దగ్గర, ఒక్కోసారి పాదం దాకా. వేలితో నొక్కితే సొట్ట పడి, నెమ్మదిగా నిండుతుంది. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, కుక్క పెద్దగా పట్టించుకోదు. దానంతట అది ఇన్ఫెక్షన్ కాదు. ఇన్ఫెక్షన్ వాపు వేడిగా, బిగుతుగా ఉంటుంది, చేయి దగ్గరికి పోగానే కుక్క తల తిప్పి మీ వైపు చూస్తుంది. ఆ చూపు మీకు తెలుస్తుంది.

ఇంకో రకం వాపు ఉంది. విడిపోయిన తోలు కింద నీరు ఊరి, నీళ్ళు నింపిన బుడగలాగా ఊగుతుంది. నొప్పి ఉండదు, వేడి ఉండదు. చీముగడ్డయితే మొదట గట్టిగా, వేడిగా, నొప్పిగా ఉండి, రెండు మూడు రోజుల్లో నడిమధ్యలో మెత్తబడుతుంది. ఈ రెండింటికీ తేడా చేత్తో కొంత తెలుస్తుంది గానీ, తేల్చేది డాక్టరు సూదితో కొంచెం లాగి చూసినప్పుడే. ఆ సూది పని ఇంట్లో చేయకండి. పిండడం అసలొద్దు. చీము బయటికి వచ్చినట్టే కనబడుతుంది, అంతకు రెండింతలు పక్కకు తోసుకుపోతుంది.

ఈ రాత్రి మీరు చేయాల్సింది గాయాన్ని ఒకసారి చూసి ఊరుకోవడం కాదు. అది తగ్గే దారిలో ఉందా, పెరిగే దారిలో ఉందా అని కనిపెట్టడం. కాటు గాయం మొదటి రోజు వాచి, ఎర్రబడి, కాస్త వెచ్చగా ఉండటం శరీరం పని చేస్తోందనడానికి గుర్తు. రెండో రోజు అలాగే ఉండొచ్చు. 48 గంటలు దాటాక ప్రతి పూటా కొంచెమైనా తగ్గాలి. ఇన్ఫెక్షన్ చాలావరకు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బయటపడుతుంది. చీముగడ్డ కట్టడానికి రెండు నుంచి ఐదు రోజులు పట్టొచ్చు. మీరు సరిగ్గా ఆ నడిమధ్య రోజులో ఉన్నారు.

దానికి ఇలా చేయండి. ఇంట్లో ఇద్దరుండాలి. ఒకరు తల దగ్గర కూర్చుని మాట్లాడుతూ పట్టుకోవాలి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది, ల్యాబ్ కూడా కరుస్తుంది. మూతికి మెత్తటి చున్నీ కట్టొచ్చు. అయితే ఊపిరి కష్టంగా తీస్తున్నా, వాంతి చేసుకుంటున్నా కట్టొద్దు. మొండి కొసల కత్తెరతో చిల్లుల చుట్టూ బొచ్చు కత్తిరించండి, తోలు తెగకుండా. మీది లేతరంగు ల్యాబ్ అన్నారు కాబట్టి వాపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి టైము రాసుకోండి. తెల్లారి వాపు గీత దాటిందా లేదా అన్నదే మీ జవాబు. కాలు కూడా వాచితే కుట్టుమిషను టేపుతో రెండు కాళ్ళనూ ఒకే ఎత్తులో కొలవండి. ఫోటో తీయండి, లైటు ఒకేలా ఉండేలా, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి. రేపు డాక్టరుకు మీరు నోటితో చెప్పేదానికంటే ఆ రెండు ఫోటోలే ఎక్కువ చెప్తాయి.

ఇక ఆ పసుపుపచ్చ నీళ్ళు. పసుపు పెట్టారని తిట్టను, మా అమ్మ కూడా పెట్టేది. కానీ దాంతో వచ్చిన చిక్కు చూడండి: తోలు ఎర్రబడిందా లేదా కనబడదు, కారేది రసా (గాయం నుంచి ఊరే పలచని నీరు), చీమా తెలియదు, అంతా పచ్చగానే ఉంటుంది. పైగా పసుపు, రసి కలిసి ఎండి అట్ట కట్టి చిల్లును మూసేస్తాయి. లోపలిది బయటికి రావాల్సిన దారి అదే. కాఫీపొడి, సున్నం పెట్టినా ఇదే కథ. కాచి చల్లార్చిన నీళ్ళలో లీటరుకు రెండు చిన్న చెంచాల ఉప్పు కలపండి, లేదా మెడికల్ షాపులో సెలైన్ బాటిల్ తెచ్చుకోండి. గుడ్డ తడిపి పక్కు మీద పెట్టి నాననివ్వండి, గీకొద్దు. మెత్తబడ్డాక పైపైన ధారగా పోసి కడగండి. సిరంజితో చిల్లు లోపలికి ఒత్తిడిగా కొట్టకండి, మురికి ఇంకా లోతుకు పోతుంది. డెట్టాల్ నీళ్ళు కలపకుండా పోస్తే, స్పిరిట్ పోస్తే, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే క్రిములతోబాటు మానడానికి పనికొచ్చే కండ కూడా చస్తుంది. బుసబుసా నురగ వస్తే "భలే పని చేస్తోంది" అనుకుంటారు, ఆ నురగకు పొంగిపోకండి. బెటడిన్ వాడాలంటే నీళ్ళలో పలచని టీ డికాక్షన్ రంగు వచ్చేంత కలపండి, చాలు.

కడిగి ఆరాక తెల్లటి నూలు గుడ్డ అద్ది, పొద్దున వెలుతురులో చూడండి. గంజి తేటలాగా పలచగా, కాస్త ఎర్రగానో లేత పసుపుగానో ఉండి, వాసన లేకపోతే అది రసి. మొదటి మూడు రోజులు కొద్దిగా రావడం మామూలే, పూటపూటకూ తగ్గుతూ ఉండాలి. చిక్కగా, పచ్చగా, ఆకుపచ్చగా, బూడిదరంగులో, లేదా పాలు కలిపిన కాఫీలాగా ఉంటే చీము. వాసన మరీ ముఖ్యం. కొత్త గాయం ఇనుము వాసన వేస్తుంది. కుళ్ళు వాసన వచ్చిందంటే గాలి లేని చోట బతికే క్రిములు లోపల పని మొదలుపెట్టాయి. కుక్క నోట్లో ఉండే క్రిములు ఒక రకం కాదు. పాశ్చురెల్లా అని ఒకటి ఉంది, లూయీ పాశ్చర్ పేరే దానికి పెట్టారు. అది గంటల్లోనే వాపు తెప్పించగలదు. స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్, గాలి అక్కర్లేని రకాలు కూడా కలిసే ఉంటాయి. అందుకే ఏదో ఒక మాత్ర వేసి చూద్దామంటే కుదరదు.

చేతి వెనకవైపుతో ముట్టుకుని చూడండి, అరచేతి కంటే దానికి వేడి బాగా తెలుస్తుంది. కుడి భుజం, తర్వాత ఎడమ భుజం. తేడా పెద్దగా ఉంటే రాసుకోండి. వాపు మీద వేళ్ళతో మెల్లగా ఒత్తినప్పుడు తోలు కింద చిటచిటమని అప్పడం నలిగినట్టు తగిలితే అక్కడ గాలి చేరింది. కాటు దారిలో బయటి గాలి పోయుండొచ్చు. గ్యాసు పుట్టించే క్రిములూ కావచ్చు. ఛాతీ దగ్గరయితే ఊపిరితిత్తికి దెబ్బ తగిలి ఉండొచ్చు. వీటిలో ఏదయినా ఈ రాత్రే వెళ్ళాల్సిన పని.

రంగుల గురించి ఒక్క మాట. కమిలిన చోటు ఊదా రంగు నుంచి ఆకుపచ్చ, పసుపు అవుతూ పోతే మానుతున్నట్టు. నల్లగా, తోలు చెప్పులాగా గట్టిపడి, చల్లగా, గిల్లినా కుక్కకు తెలియకుండా ఉంటే ఆ తోలు చచ్చిపోయింది. ఇది మూడు నుంచి ఐదు రోజులకు బయటపడుతుంది, దాన్ని కత్తిరించి తీసేయాలి.

ముక్కు చల్లగా ఉంటే జ్వరం లేదన్నది మన ఊళ్ళలో వేళ్ళూనిన నమ్మకం. జ్వరమున్న కుక్క ముక్కు తడిగా ఉండొచ్చు, ఎండలో పడుకుని లేచిన ఆరోగ్యమైన కుక్క ముక్కు ఎండిపోయి ఉండొచ్చు. మామూలు డిజిటల్ థర్మామీటరు తెచ్చి, ఇక దాన్ని మనుషులకు వాడకుండా పక్కన పెట్టేయండి. కొసకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలో ఒక అంగుళం పెట్టి బీప్ వచ్చేదాకా ఉంచండి. ఆరోగ్యమైన కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఇది తెలియక 102 చూసి "జ్వరం సార్" అని అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్ళున్నారు. మనిషి లెక్క 98.6 కుక్కకు పనికిరాదు. 103 దాటితే జ్వరం. అయితే మే నెల తిరుపతి ఎండలో రొప్పుతున్న కుక్కకు ఊరికే కూడా 103 చూపిస్తుంది, నీడలో ఫ్యాను కింద అరగంట పడుకోబెట్టి మళ్ళీ చూడండి. 104 దాటితే ఆగొద్దు. 99 కంటే తక్కువుంటే అసలే ఆగొద్దు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఒళ్ళు చల్లబడుతుండొచ్చు. దాన్ని చూసి "జ్వరం తగ్గింది" అనుకుని సంతోషపడితే కుక్క దక్కదు.

ఒక మెలిక కూడా ఉంది. మన ప్రాంతంలో గోమార్ల బెడద ఎక్కువ, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ కూడా. గాయం చూస్తే పెద్దగా ఏం లేదు, జ్వరం మాత్రం తగ్గదు, చిగుళ్ళు పాలిపోయాయి అంటే నేను రక్తపరీక్ష రాస్తాను. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో గోమార్లు ఉంటే రేపు ఆ మాట డాక్టరుకు చెప్పండి.

థర్మామీటరు పెట్టే చేత్తోనే పై పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబి రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయినా, ఇటుక రంగులో మరీ ఎర్రగా ఉన్నా, రంగు రావడం ఆలస్యమైనా, రొప్పు ఆగకపోయినా, పిలిస్తే తోక ఆడించకపోయినా, నీళ్ళు కూడా ముట్టకపోయినా తెల్లారేదాకా చూడకండి. ఉన్నట్టుండి ఆ కాలు నేలకు పెట్టడం మానేస్తే కూడా అంతే. భుజం కీలులోకి చీము దిగితే ఒక్కో పూట ఆలస్యానికీ కీలు అరుగుతుంది. మీ కుక్కకు కాటు భుజం మీద పడింది గానీ, ఛాతీ, పొట్ట, మెడ, కంటి దగ్గర పడినా, పెద్ద కుక్క చిన్న కుక్కను నోట కరుచుకుని విదిలించినా చిల్లు ఎంతుందో చూడకుండా ఆ రోజే తీసుకెళ్ళాలి. పైకి ఏమీ లేకుండా లోపల పక్కటెముక విరిగిన కేసులు చూశాను.

పక్కింటావిడ మాటకు వస్తే, ఎంగిలి మందన్నది కుక్క చేతులు లేని జీవి కాబట్టి పుట్టిన మాట. ఆ నాలుకతోనే అది మురుగుకాలువ కూడా నాకుతుంది. నాకిన చోట తడి ఆరదు, తోలు ఒరుసుకుపోతుంది. వదలకుండా అదే చోట నాకుతుంటే అక్కడ సలపరం ఉందని అర్థం, దాన్ని గుర్తుగా తీసుకోండి, వైద్యంగా కాదు. మెడకు ప్లాస్టిక్ కోన్ వేయండి. ఈ రాత్రికి దొరకకపోతే పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచులకు గుడ్డ చుట్టి తగిలించండి. మా చిట్టి రెండు వారాలు ఎర్ర బకెట్‌తో తిరిగింది, వీధి పిల్లలందరికీ వేడుక.

ఈగల్ని తేలిగ్గా తీసుకోకండి. రసి కారే గాయం మీద ఈగ వాలితే బొంబాయి రవ్వ అతికించినట్టు బొచ్చు మొదట్లో తెల్లగా గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోపే పురుగులవుతాయి. గుడ్లు కనబడితే ఆ బొచ్చు కత్తిరించి పారేయండి. పురుగు పడ్డాక సీతాఫలం ఆకు దంచి పెట్టడం మా పల్లెల్లో పాత అలవాటు. పైనవి కొన్ని రాలతాయి, లోతుకు పోయినవి అక్కడే తింటూ ఉంటాయి. వాటిని ఒక్కొక్కటీ పట్టకారతో తీయాల్సిందే. కొందరు ఫినాయిల్ పోస్తారు, కలరా ఉండలు పొడి చేసి కూరుతారు. కుక్క దాన్ని నాకితే గాయం కంటే ముందు ఆ విషమే ప్రాణం తీస్తుంది.

ఇంట్లో ఉన్న మాత్రలు ఏవీ వేయకండి. నొప్పికని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ కూడా మన లెక్కలో వేసేది కాదు. పోయిన నెల మీకు దగ్గు వస్తే మిగిలిపోయిన యాంటీబయోటిక్ రెండు రోజులు వేయడం ఇంకా చెడ్డది. క్రిములు చావవు, పైకి వాపు తగ్గినట్టుండి వారం తర్వాత మళ్ళీ లేస్తుంది. కాటు గాయాలకు మేము ఎక్కువగా మొదలుపెట్టేది అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన మందు. బరువును బట్టి మోతాదు ఉంటుంది, డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ పూర్తిచేయాలి. చీముగడ్డ కట్టాక మాత్ర ఒక్కటే చాలదు. చీము ఉన్న చోటికి రక్తం సరిగా పోదు, రక్తం పోని చోటికి మందు పోదు. దాన్ని తెరిచి కడగాల్సిందే.

టీటీ గురించి అందరూ అడుగుతారు. ధనుర్వాతానికి కుక్కలు మనుషుల కంటే, గుర్రాల కంటే బాగా తట్టుకుంటాయి. కాబట్టి మామూలుగా వేయం.

మీరు అడగనిది ఒకటుంది, అదే అన్నిటికంటే పెద్దది: రేబిస్. గాయం ఎలా ఉందో చూసి రేబిస్ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. చీము పట్టినంత మాత్రాన రేబిస్ కాదు, చక్కగా మానిపోయినంత మాత్రాన గండం గడిచినట్టూ కాదు. అది బయటపడటానికి మామూలుగా వారాలు, నెలలు పడుతుంది, బయటపడ్డాక చేసేదేమీ లేదు. మీ కుక్క వ్యాక్సిన్ కార్డు తీసి చివరి తేదీ చూడండి. ప్రతి ఏడూ వేయించి ఉన్నా కాటు తర్వాత వెంటనే మళ్ళీ వేయాలి. వేయించకపోయి ఉంటే డాక్టరు పూర్తి కోర్సు చెప్తారు, ఒక్క డోసు కూడా తప్పకూడదు. మూడు రోజులు అయిపోయిందని మానుకోకండి, ఆలస్యమైనా రేపే మొదలుపెట్టాలి. ఆ వీధికుక్క ఏదో గుర్తుపట్టగలిగితే, కరిచిన రోజు నుంచి పది రోజులు దూరం నుంచి గమనించండి. చచ్చిపోయినా, కనబడకుండా పోయినా, నడక తూలినా, చొంగ కార్చుకుంటూ తిరిగినా వెంటనే చెప్పండి.

మరి మీ చేతులు? శనివారం గాయం కడిగింది మీరే అన్నారు. ఆ బొచ్చు మీద కరిచిన కుక్క ఎంగిలి ఉంది. మీ వేళ్ళకు కోతలు, గీరుడు, గోరుచుట్టు ఏవైనా ఉండి ఉంటే, లేదా విడదీసేటప్పుడు మీకు పన్ను తగిలి ఉంటే, కుక్క సంగతి తర్వాత, మీరు రేపే రుయా ఆసుపత్రికి వెళ్ళి విషయం చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో యాంటీ రేబిస్ వ్యాక్సిన్ ఉచితంగానే వేస్తారు. ఇకనుంచి గ్లౌజులు వేసుకోండి. అవి లేకపోతే పాలిథిన్ కవరు తొడుక్కుని అయినా ముట్టుకోండి.

రేపు అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు. బొచ్చు బాగా గొరిగి, మత్తిచ్చి, మొండి పుల్లలాంటి పరికరంతో చిల్లు ఎంత దూరం పోయిందో చూస్తారు. సంచి ఉంటే కింది అంచున తెరుస్తారు, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడుగుతారు, చచ్చిన కండ కత్తిరిస్తారు. కింది నుంచి రసి కారిపోవడానికి మెత్తటి రబ్బరు గొట్టం పెట్టొచ్చు. "ఇంత పెద్దగా కోసి కుట్లు కూడా వేయలేదేంటి" అని మీవాళ్ళు గొడవపడతారు, పడనివ్వకండి. మురికి లోపల పెట్టి కుట్టేస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తాం. చీము కొంచెం తీసి కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తేల్చే ల్యాబ్ పరీక్షకు) పంపమని అడగండి. మొదటి మందు పని చేయకపోతే రెండోది గుడ్డిగా మార్చాల్సిన పని ఉండదు.

మత్తు ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఈ రాత్రి పది గంటల తర్వాత అన్నం, బిస్కెట్లు ఏవీ పెట్టకండి. నీళ్ళు మాత్రం ఉంచండి. పొద్దున ఆటో ఎక్కించేటప్పుడు ఆ కుడి చంక కింద చేయి పెట్టి ఎత్తకండి. ఛాతీ ముందు ఒక చేయి, వెనక కాళ్ళ కింద ఒక చేయి వేసి ఎత్తండి. పెన్ను గీత గీసిన టైము, థర్మామీటరు అంకె, వ్యాక్సిన్ కార్డు, ఈ మూడూ చేతిలో ఉంచుకోండి.